సలివిడి చేతులు

మా పెద్దపిల్ల పుట్టగానే ఎట్లా ఏడ్చిందో మా అత్తమ్మను అడిగితే చాలు, చేతిలో ఉన్న పని పక్కన పెట్టి చెబుతుంది. అడగకపోయినా చెబుతుంది. "తలుపులు బందు వెట్టిండ్రు. గయినా ఇనవడ్డది. గొంతా అది! కింద చాయ్ బండాయన గూడ తలకాయెత్తి పైకి జూసిండు" అంటుంది. మొదటి ఏడాది ఈ కథలో చాయ్ బండాయన లేడు. రెండో ఏడాది వచ్చి చేరాడు. మూడో ఏడాదికి ఆయన చేతిలోని గ్లాసు జారి కింద కూడా పడింది. వచ్చిన చుట్టాలు నవ్వుతారు, మా ఆయన నవ్వుతాడు, ఆ పిల్ల తన ఘనతకు తానే మురిసిపోతుంది. కన్నతల్లినైన నేను మాత్రం ఇంటికి కొత్తగా వచ్చిన మనిషిలా కూర్చుని వినాలి.

ఎందుకంటే ఆ ఏడుపు నేను వినలేదు. అప్పుడు నొప్పులు మధ్యలో ఆగిపోయాయి, బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోందని హడావుడిగా ఆపరేషన్ చేశారు. వెన్నులో ఇచ్చిన మత్తు సరిగ్గా పట్టకపోవడంతో నన్ను పూర్తిగా నిద్రపుచ్చారు. నేను కళ్లు తెరిచేసరికి నా బిడ్డను మా రెండు వైపుల వాళ్లూ చూశారు, పక్క మంచం ఆమెను పలకరించడానికి వచ్చినవాళ్లు కూడా చూశారు. ముక్కు ఎవరిది, నుదురు ఎవరిది అన్న పంపకాలు కూడా అయిపోయాయి. నాకు ఆఖరుకు చూపించారు. తల్లీబిడ్డా క్షేమంగా ఉన్నాం, డాక్టరుకు దండం పెట్టాల్సిందే, పెట్టాను కూడా. కానీ నా బిడ్డ మొదటి గొంతు ఊరందరికీ తెలిసి నాకు తెలియకపోవడం మాత్రం నాకు మింగుడుపడలేదు. నాకు కోపం త్వరగా వస్తుంది. పోవడానికి మాత్రం దానికి ఏ తొందరా ఉండదు.

అందుకే రెండోసారి నెల తప్పానని తెలియగానే వనపర్తిలో మేము చూపించుకునే డాక్టరమ్మను మొదట అడిగిన మాట ఇదే. ఒకసారి కోసిన తర్వాత మామూలు కాన్పు కాదా?

"ఎందుకు కాదమ్మా, అయితది. కానీ అందరికీ కాదు" అని ఆమె నన్ను కూర్చోబెట్టి చెప్పింది. పాత కోత కడుపు కింది భాగంలో అడ్డంగా ఉంది, అది మంచిదే. మధ్యలో నాలుగేళ్లు గడిచాయి, అదీ మంచిదే. అయితే నొప్పులప్పుడు ఆ పాత కుట్టు విడిపోయే ప్రమాదం కొద్దిగా ఉంటుంది. అరుదే, కానీ అయిందంటే ఇద్దరి ప్రాణాల మీదికి వస్తుంది. కాబట్టి ఆపరేషన్ గది సిద్ధంగా ఉన్న దవాఖానలోనే, బిడ్డ గుండెను ఆపకుండా వింటూ కాన్పు చేయాలి. నేను బడిలో పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. ఇవన్నీ నాకు తెలుసన్నట్టు తల ఊపాను. సగమే తెలుసు.

ఆరో నెలలో గ్లూకోజు నీళ్లు తాగించి పరీక్ష చేస్తే షుగర్ బయటపడింది. కడుపుతో ఉన్నప్పుడు వచ్చి, కాన్పు తర్వాత చాలామందికి పోయే షుగర్. డాక్టరమ్మ ఈసారి మూడు షరతులు పెట్టింది. "తిండితోనే షుగర్ అదుపుల ఉండాలె. బిడ్డ మరీ బొద్దుగ కావొద్దు. నొప్పులు వాటంతట అవే రావాలె. ఏది తప్పినా ఆపరేషనే. అప్పుడు నాతోని లొల్లి వెట్టుకోవద్దు."

ఇంటికి వచ్చి ఈ సంగతి చెబితే బాధపడనిది మా అత్తమ్మ ఒక్కతే. ఆమెకు షుగర్ ఉండి ఏళ్లవుతోంది. ఇంట్లో తోడు దొరికినందుకు లోపల్లోపల సంతోషించిందని నా అనుమానం. ఆమెది గద్వాల అవతల, కన్నడ దేశం అంచున ఉన్న ఊరు. నా కోసమని వచ్చి వనపర్తిలో మా అద్దె ఇంట్లోనే ఉంటోంది.

"పరేషాన్ గాకు బిడ్డా. నేనున్న గద" అని, ఆ రోజు నుంచి నన్ను శిష్యురాలిగా చేర్చుకుంది. అన్నం తగ్గించి రెండు పూటలా జొన్నరొట్టె పెట్టింది. తిన్న తర్వాత మేడ మీద నడిపించింది. వేలికి సూది ఎక్కడ గుచ్చితే నొప్పి తెలియదో చూపించింది. తన విషయంలో మాత్రం ఆమె చట్టం వేరు. ఎవరింట్లోనో పేరంటానికి పోయి వచ్చి, మూతికి లడ్డూ పొడి అంటుకుని ఉన్నా, "తినలే, రుచి జూసిన" అనేది. ఆమె దగ్గర ఆ రెండింటికీ చాలా దూరం ఉంది.

ఇంకో పని కూడా చేసింది. నాకు చెప్పకుండా గద్వాలకు పోయి, తనకు తెలిసిన అయ్యగారితో కాన్పుకు ముహూర్తం పెట్టించుకుని వచ్చింది. మా వైపు ఇప్పుడు ఇది మామూలే. పెళ్లికి లగ్నం పెట్టించినట్టే ఆపరేషన్‌కూ పెట్టించుకుని డాక్టరు దగ్గరికి పోతారు.

"ఎట్లయినా కోసేటిదే గద. గదేదో మంచి గడియల కోయిపిద్దాం" అన్నది.

"నేను మామూలు కాన్పు కోసం చూస్తుంటే ముహూర్తమేంది అత్తమ్మా?"

"చూడు బిడ్డా, చూడొద్దంటున్ననా? గా దినం దాంక చూడు. గా గడియల పుట్టినోళ్లు కలెక్టర్లయితరంట."

ఆ గడియకు ఊళ్లో ఎంతమందిని కోస్తారో, వాళ్లందరూ కలెక్టర్లయితే జిల్లాలు ఎక్కడి నుంచి తేవాలో అడిగాను. ఆమె వినలేదు. వినదలుచుకోనప్పుడు ఆమెకు చెవుడు.

ఇట్లా నేను జొన్నరొట్టెతో, ఆమె ముహూర్తంతో ఎవరి దారిన వాళ్లం తొమ్మిదో నెలదాకా వచ్చాం. నా షుగర్ బుద్ధిగా ఉంది. బిడ్డ బరువు కూడా బుద్ధిగా ఉంది. అప్పుడు బల్మూర్ నుంచి మా అమ్మ పెద్ద స్టీలు డబ్బా పట్టుకుని బస్సు దిగింది.

డబ్బాలో సలివిడి. తడి బియ్యపు పిండిలో బెల్లం పాకం పోసి, నెయ్యీ నువ్వులూ వేసి పిసికిన ముద్ద. నెలలు నిండిన ఆడపిల్లకు తల్లి సలివిడి పెడితే కడుపు చల్లగా ఉంటుందని మా వాళ్ల నమ్మకం. నా షుగర్ గురించి ఫోన్లో ఎన్నిసార్లు చెప్పినా మా అమ్మ "అట్లనే బిడ్డా" అంటూ ఇక్కడ ఫోన్ పెట్టి అక్కడ బియ్యం నానబోసింది.

"వదినే, పిల్లకు షుగరున్నది. ఒక్క పలుకు గూడ పెట్టనియ్య" అని అత్తమ్మ గడపలోనే చెప్పింది.

"పెట్టక కాన్పుకెట్ల పంపుత వదినే? నా మనసు ఒప్పుతదా?"

ఇద్దరూ చాలాసేపు ప్రేమగా పోట్లాడుకుని చివరకు ఒక ఒప్పందానికి వచ్చారు. నేను తినకూడదు. కానీ వీధిలోని ముత్తైదువలకు నా చేత్తోనే సలివిడి పంచాలి. శాస్త్రమూ పోదు, షుగరూ రాదు.

ఆ మధ్యాహ్నం అన్నం తిన్నాక నన్ను పీట మీద కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, గాజులు తొడిగారు. నేను ముద్దలు తుంచి వచ్చినవాళ్ల చేతుల్లో పెట్టాను. ఎండకు పాకం కరిగి, మోచేతి దాకా జిగురు. నా చెయ్యి నోటి వైపు పోకుండా అత్తమ్మ పక్కనే నిలబడి కాపలా కాసింది. ముక్కు దురద పెట్టినా గోక్కోనివ్వలేదు. ఆ నెయ్యి వాసనకు నోరూరి నాకు ఏడుపు వచ్చినంత పనైంది. అయినా నిజంగానే ఒక్క పలుకు కూడా నోట్లో వేసుకోలేదు.

అందరూ పోయేసరికి తిన్న తర్వాతి షుగర్ చూసుకునే వేళయింది. నేను చేతులు కొంగుకు తుడుచుకుని, వేలికి సూది గుచ్చి, రక్తపు బొట్టును మిషన్ పట్టీకి తాకించాను.

మూడు వందల నలభై ఒకటి.

నేను తెల్లబోయాను. అప్పటిదాకా నూట ఇరవై దాటింది లేదు. అత్తమ్మ అంకె చూసి, నా మొహం చూసి, "నోరు దెరువు" అంది. తెరిచాను. వాసన చూసింది. తర్వాత మా అమ్మ వైపు తిరిగింది.

"ఎప్పుడు పెట్టినవ్ వదినే? నేను గుమ్మం కాడికి పోయినప్పుడా?"

"అయ్యో రామా! నా బిడ్డకు నేనే విషం పెడతనా?" అని మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అంట్లు తీసుకుని పెరట్లోకి పోయింది. మా ఆయన గద్వాల ఆఫీసు నుంచి అప్పుడే వచ్చాడు. పరువు గల మనిషిలా ఏమీ అనలేదు కానీ మంచం కింద వంగి చూశాడు. దిండ్లు ఎత్తి చూశాడు. మా పెద్దపిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, "అమ్మ ఏమన్న తిన్నదా నాన్నా? జెప్పు, ఏమనను" అని బుజ్జగించి అడిగాడు. ఆ పిల్ల నా వైపు జాలిగా చూసి, "కొంచమే తిన్నది" అంది. నన్ను కాపాడాలనుకుని చెప్పిందట.

ఇంకేముంది, నేరం రుజువైంది. "నేను తినలేదు" అని అరిచాను. అరిచేకొద్దీ తిన్నదానిలాగే కనిపించాను.

మా ఆయన డాక్టరమ్మకు ఫోన్ చేశాడు. ఆమె గొంతులో ఎప్పుడూ ఉండే నవ్వు లేదు. "రేపు పొద్దుగాల తీసుకొని రా. నిజంగ గట్లుంటే ఇన్సులిన్ మొదలు వెట్టాలె. నొప్పుల కోసం ఆగుడు గూడ కుదరదు, ఆపరేషన్ దినం అనుకుందాం" అంది. పక్కనే ఉన్న అత్తమ్మ నెమ్మదిగా, "మంచి గడియ ఉండనే ఉన్నది" అంది.

నేను గదిలోకి పోయి గోడ వైపు తిరిగి ఏడ్చాను. మళ్లీ ఆ లైట్ల కింద పడుకుంటాను, వెన్నులో మత్తు ఈసారీ పట్టకపోతే మళ్లీ నిద్రపుచ్చుతారు. మళ్లీ నా బిడ్డ ఎట్లా ఏడ్చిందో ఇంకొకరు చెబితే వింటాను. ఆ చాయ్ బండాయనకు ఇంకో గ్లాసు పగులుతుంది. అంత జాగ్రత్తగా ఉండి, ఒక్క పలుకు తినకుండా ఓడిపోవడం నాకు భరించలేనంత బాధగా అనిపించింది. "మిషన్ ఖరాబైంది" అని అక్కడి నుంచే కేక పెట్టాను.

"మిషన్‌కేమైతది? నాది జూస్త, అప్పుడు తెలుస్తది" అని అత్తమ్మ వచ్చి నా ఎదుటే కూర్చుంది. అప్పటిదాకా ఆమె మిగిలిన సలివిడిని ఉండలు చేస్తోంది. వేలు గుచ్చుకుంది. నాలుగు వందల అరవై ఎనిమిది.

ఆమె మిషన్‌ను కళ్ల దగ్గరికి తెచ్చుకుని అంకె మళ్లీ చూసింది. "హౌదా?" అంది. నమ్మలేని సంగతి వింటే 'అవునా' అనడానికి ఆమెకు కన్నడం వస్తుంది. తర్వాత మెల్లగా మంచం మీద వెల్లకిలా పడుకుంది.

"నా పుస్తెలతాడు పెద్ద మనవరాలికి. ఊళ్లె ఉన్న బర్రెను అమ్మకుండ్రి, నా చేతికే పాలిస్తది."

"ఏం తిన్నవమ్మా?" అని మా ఆయన కంగారుగా అడిగాడు.

"ఏం తినలే. రుచి గూడ జూడలే. ఒట్టు!"

ఆమె రుచి కూడా చూడలేదని ఒప్పుకోవడం నాకు మొదటిసారి అనుమానం కలిగించింది. "నువ్వు చూసుకో" అని మా ఆయనకు కొత్త సూది ఇచ్చాను. ఆయన జీవితంలో షుగర్ లేదు. వాళ్ల అమ్మకు సాయంగా అప్పటిదాకా ఆ ఉండలను డబ్బాల్లో సర్దుతున్నాడు. రెండు వందల ఎనభై తొమ్మిది వచ్చింది. ఆయన అమ్మ పక్కనే మంచం అంచున కూర్చుండిపోయాడు. "మొన్ననే గద పరీక్ష చేపించుకున్న" అని గోడతో అన్నాడు.

అప్పుడే మా అమ్మ పెరట్లోంచి వచ్చింది. మంచం మీద ఇద్దరిని చూసి, ఏమైందో తెలియక గుమ్మంలో నిలబడింది. ఆమె చేత కూడా వేలు గుచ్చించాను. తొంభై ఆరు.

"మా దిక్కు ఎవలకు లేదు వదినే, షుగర్" అంది మా అమ్మ. ఆ మాట చెప్పే అవకాశం కోసం ఆమె పొద్దున్నుంచి ఎదురుచూస్తోందని నాకు తెలుసు.

నేను మా అమ్మ చేతులు చూశాను. సబ్బు పెట్టి అంట్లు తోమి వచ్చిన చేతులు, ఇంకా తడిగా ఉన్నాయి. అత్తమ్మ చేతులు చూశాను. నావి చూసుకున్నాను. వేళ్ల మధ్య బెల్లం ఎండి మెరుస్తోంది. మిషన్ చదివింది మా రక్తాన్ని కాదు, సలివిడిని. మా బడిలో చేతులు ఎట్లా కడుక్కోవాలో వరసగా బొమ్మలు వేయించి గోడకు అంటించింది నేనే. ఏటా పిల్లల చేత ఎక్కాల్లా చెప్పించేదీ నేనే. ఆ గోడ గుర్తొచ్చి చెవులు కాలిపోయాయి.

అందరం పెరట్లో నల్లా దగ్గర వరస కట్టి సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, మళ్లీ గుచ్చుకున్నాం. నాది నూట పదహారు. మా ఆయన ఆరోగ్యం ఆయనకు తిరిగి వచ్చింది. అత్తమ్మ నూట అరవై దగ్గర ఆగి, బర్రె సంగతి ఎత్తలేదు. నేను మెట్ల మీద కూర్చుని ఒకేసారి నవ్వాను, ఏడ్చాను.

మరునాడు చేతి నరం నుంచి రక్తం తీసి ల్యాబులో చూశారు. బాగానే ఉంది. డాక్టరమ్మ కథ మొత్తం విని కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంది. "ఈ ఇంట్ల మనుషులకు కాదమ్మా, చేతులకున్నది షుగర్. పో, నొప్పులొచ్చినప్పుడు రా" అంది.

తిరిగి వస్తుంటే ఆటోలో అత్తమ్మ అడిగింది. "ఒక్కటి జెప్పు బిడ్డా. గింత పట్టెందుకు నీకు? అందరు కోయిపిచ్చుకుంటలేరా?"

నాకు చెప్పాలని లేదు. అయినా నోరు ఆగలేదు. "పెద్దది పుట్టినప్పుడు ఎట్లా ఏడ్చిందో నేను వినలేదు అత్తమ్మా. మీరందరూ విన్నారు. మీరు చెప్పినప్పుడల్లా నేను నవ్వుతాను గానీ నాకు లోపల మండుతుంది. ఈసారైనా నాకు వినాలని ఉంది."

ఆమె నా వైపు చూడలేదు. రోడ్డు వైపే చూస్తూ, "హౌదా" అని మాత్రం అంది. ఇంటికి రాగానే చేతులు సబ్బుతో కడుక్కుని, గద్వాల అయ్యగారికి ఫోన్ చేసి, ఆ గడియ మాకు వద్దు, ఎవరికైనా పనికొస్తే ఇచ్చుకోమని చెప్పింది.

ఆ రోజు నుంచి ఆమెకు చేతులు కడుక్కునే పిచ్చి పట్టింది. బియ్యం చెరిగే ముందు, చెరిగిన తర్వాత, తలుపు తీసిన తర్వాత, టీవీ పెట్టిన తర్వాత. వచ్చినవాళ్లకు నీళ్లిచ్చే ముందు నల్లా చూపించేది. సబ్బులు ఇంట్లో నిలవడం మానేశాయి.

నొప్పులు ఒక ఉదయం, నేను రొట్టె తింటుండగా వాటంతట అవే వచ్చాయి. దవాఖానలో నా కడుపుకు పట్టీ కట్టి బిడ్డ గుండెను వింటూ కూర్చున్నారు. తోడుగా ఒక్కరినే ఉండనిస్తామన్నారు. మా అమ్మ నా నొప్పులు చూస్తే పడిపోతుంది కాబట్టి అత్తమ్మ వచ్చింది. మధ్యాహ్నానికి నా పంతం, నా ఆశ, నా చదువు అన్నీ కరిగిపోయాయి. "నావల్ల కాదు. కొయ్యమని చెప్పు అత్తమ్మా, కొయ్యమని చెప్పు!" అని ఆమె చెయ్యి విరిచేసినంత పని చేశాను.

"నోరు మూస్కో. గడియ వాపస్ ఇచ్చినం" అంది అత్తమ్మ.

ఆ నొప్పిలో కూడా నాకు నవ్వొచ్చింది. ఇంకాసేపటికి నవ్వే సంగతి పోయింది. గుండె చప్పుడు ఒకసారి తగ్గింది. డాక్టరమ్మ మొహం గంభీరంగా పెట్టి, పాత కుట్టు మీద చెయ్యి పెట్టి చూసి, "ఇంకొంచెం చూస్త. లేవకుంటే థియేటర్‌కు పోదాం" అంది. నేను నిజంగా భయపడ్డాను. ఏడుపు వినకపోయినా ఫరవాలేదు, బిడ్డ దక్కితే చాలు అని ఆ క్షణంలో మనస్ఫూర్తిగా అనుకున్నాను. చప్పుడు మళ్లీ లేచింది. నర్సు అత్తమ్మ వైపు తిరిగి, "పెద్దమ్మా, బిడ్డను పట్టుకుంటవా? చేతులు కడుక్కొని రా పో" అంది.

ఆ మాట ఆమెకు చెప్పకూడదు. నర్సుకు తెలియదు పాపం. అత్తమ్మ వరండా చివర నల్లా దగ్గరికి పోయి, వేళ్ల సందులు, గోళ్లు, మణికట్లు, మోచేతులు అన్నీ కడగడం మొదలుపెట్టింది. ఆ నల్లా ధార చప్పుడులో ఆమె ఉండగా, ఇక్కడ నా బిడ్డ పుట్టింది.

మొదట ఒక చిన్న తుమ్ము. తర్వాత ఏమీ లేదు. నేను ఊపిరి బిగబట్టాను. తర్వాత "ఙ" అని, ఏదో అడగబోయి ఆగినట్టు ఒక గొంతు. ఆ తర్వాత తీరిగ్గా, పొడుగ్గా, కోపంగా ఏడుపు. నాకు ఆ కోపం ఎవరిదో వెంటనే తెలిసింది. నేను విన్నాను. అందరికంటే ముందు నేనే విన్నాను. అంత సంతోషం నాకు అంతకు ముందూ తెలియదు, ఆ తర్వాతా తెలియదు.

అత్తమ్మ రెండు చేతులూ పైకి ఎత్తి పట్టుకుని, నీళ్లు కారుతుండగా వచ్చింది. "అయిపాయెనా?" అని గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఏడ్సిందా?"

"ఏడ్చింది."

నర్సు బిడ్డ షుగర్ చూడటానికి మడమకు సూది గుచ్చబోతుంటే, "చేతులు కడుక్కున్నవా బిడ్డా? దాని కాలు గూడ తుడువు జర" అంది అత్తమ్మ. సూదికి బిడ్డ మళ్లీ ఏడ్చింది. బిడ్డ షుగర్ సరిగ్గానే ఉంది. అత్తమ్మ చెవి ఒగ్గి ఆ ఏడుపంతా విని, తల అడ్డంగా ఊపింది.

"ఇది గాదు. మొదటిది ఎట్ల ఏడ్సిందో జెప్పు."

చెప్పాను. తుమ్మును కూడా చెప్పాను. ఆమె నా మంచం పక్కన కూర్చుని, నోరు కొద్దిగా తెరిచి విన్నది. వినలేకపోయినవాళ్ల మొహం ఎట్లా ఉంటుందో నేను అప్పుడు బయటి నుంచి చూశాను. నాకు గెలిచినట్టు అనిపించలేదు. ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఇంకా చల్లగా, తడిగా ఉంది.

పురుడు నాడు ఇల్లంతా చుట్టాలు. అత్తమ్మ ఎప్పటిలాగే పెద్దదాని కథ మొదలుపెట్టింది. చాయ్ బండాయన తల ఎత్తాడు, గ్లాసు పడింది, అందరూ నవ్వారు. ఈసారి నేనూ లోపల మంట లేకుండా నవ్వాను. ఎవరో, "మరి చిన్నది ఎట్ల ఏడ్సింది?" అని ఆమెనే అడిగారు. ఆమె కథ అల్లగలదు, చాయ్ బండాయన లాంటివాళ్లను ఇంకో నలుగురిని తేగలదు. నేను చూస్తూ ఉన్నాను.

అత్తమ్మ నా వైపు చెయ్యి చూపించింది.

"గా ముచ్చట నాకు తెల్వదు. దాన్ని అడుగుండ్రి. ఇన్నది అది."